నిలిచిపోయిన వేడినీరు

బ్రిటను దేశమున శీతకాలము దీర్ఘమైనది. ఉత్తర ఇంగ్లండులో డిసెంబరు మాసమున సూర్యుడు ఉదయము ఎనిమిది గంటలు దాటిన పిమ్మట ఉదయించి, సాయంకాలము నాలుగు గంటలు కాకమునుపే అస్తమించును. రాత్రులందు నీరు గడ్డకట్టునంతటి చలి తరచుగా కలుగుచుండును. అట్టి చోట ఇల్లు వెచ్చగా నుండుట కేవలము సౌఖ్యమునకు సంబంధించిన విషయము కాదు. అది ఆరోగ్యమునకు సంబంధించినది. చలికాలమున ఇంటిలోపల 18 సెంటిగ్రేడు డిగ్రీల ఉష్ణోగ్రత క్షేమకరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 లో పేర్కొన్నది. పసిబిడ్డలకును, వృద్ధులకును, రోగులకును అంతకంటె కొంత హెచ్చు వెచ్చదనము అవసరము కావచ్చును.

పూర్వము ఆ దేశమున గోడలలో పొయ్యిలు అమర్చి, అందు బొగ్గు మండించెడివారు. ఇంటివారందరును పొయ్యి యెదుట చేరి కూర్చుండెడివారు. ముఖము కాగుచుండగా వీపు చల్లబడెడిది. నిప్పులేని పడకగదిలో ఊపిరి పొగవలె కనబడెడిది. 1962 డిసెంబరు చివర మొదలై 1963 మార్చి తొలిదినముల వరకు సాగిన చలి మిక్కిలి భయంకరమైనది. అప్పటికి అక్కడి ఇండ్లలో చాలవాటికి ఇట్టి పొయ్యిలే ఆధారము. తరువాతి దశాబ్దములలో ఒక క్రొత్త ఏర్పాటు క్రమముగా ఇంటింటికిని వ్యాపించినది. దాని ప్రకారము నిప్పు ఇంటిలో ఒక్కచోటనే ఉండును. దాని వేడి మాత్రము అన్ని గదులకును పోవును. నేడు ఆ దేశమున అత్యధికమైన ఇండ్లలో ఈ ఏర్పాటే కలదు.

ఆ వేడిని మోసికొనిపోవునది నీరు. ఈ పనికి నీటివంటి సేవకుడు మరియొకడు లేడు. ఒక కిలోగ్రాము నీరు ఒక్క డిగ్రీ చల్లబడినపుడు ఒక కిలోకాలరీ వేడిని విడుచును. అంతే బరువుగల ఇనుము ఒక్క డిగ్రీ చల్లబడినపుడు విడుచు వేడి అందులో సుమారు తొమ్మిదవ వంతు మాత్రమే. 70 డిగ్రీల వేడితో గదిలోనికి వచ్చిన లీటరు నీరు 50 డిగ్రీలకు చల్లబడి వెళ్లినచో, ఆ గదికి సుమారు 20 కిలోకాలరీల వేడిని ఇచ్చిపోయినదన్నమాట.

ఈ ఏర్పాటులోని భాగములు కొలదివే. వంటగదిలో గాని, మరియొక మూలను గాని బాయిలరు ఉండును. అందు సాధారణముగా గ్యాసు మండును. కాగిన నీరు ఒక గొట్టము ద్వారా బయలుదేరి, శాఖలుగా చీలి, ప్రతి గదిలోను గోడవద్ద అమర్చిన రేడియేటరు అను ఉక్కు పలకపెట్టెలోనికి పోవును. అచ్చట తన వేడిని గదిలోని గాలికి ఇచ్చి చల్లబడి, వేరొక గొట్టము ద్వారా తిరిగి బాయిలరును చేరును. అక్కడ మరల కాగి, మరల బయలుదేరును. స్నానమునకును వంటకును వాడుకొను నీరు వేరు. ఈ నీరు వేరు. మనుష్యుని దేహమున రక్తము తిరుగునట్లు, ఈ నీరు ఇంటిలో అదేపనిగా తిరుగుచుండును.

నీరు తిరుగుటకు కారణమేమి? పొయ్యిపైనున్న ఎసటిని గమనించినవారికి ఇందులో సగము సమాధానము తెలిసియే ఉండును. అడుగున కాగిన నీరు పైకి లేచును. పైనున్న చల్లని నీరు అడుగునకు దిగును. వేడెక్కిన నీరు వ్యాకోచించి తేలికయగుటయే ఇందుకు కారణము. 20 డిగ్రీలవద్ద లీటరు నీటి బరువు సుమారు 998 గ్రాములు. 80 డిగ్రీలవద్ద అదే లీటరు నీరు సుమారు 972 గ్రాములు మాత్రమే తూగును. తొలినాటి ఏర్పాటులలో ఈ స్వల్పమైన తేడాయే నీటిని ఇల్లంతయు త్రిప్పెడిది. అయితే ఆ బలము మిక్కిలి కొద్దిది. కావున గొట్టములు లావుగా నుండవలసివచ్చెడిది; నీరును మెల్లగా నడచెడిది. పిమ్మట చిన్న విద్యుత్ పంపును చేర్చుటతో 15 మిల్లీమీటర్ల సన్నని గొట్టములే చాలినవి.

రెండవ అంతస్తునకు నీటిని ఎక్కించుటకు ఇంత చిన్న పంపు ఎట్లు చాలునని సందేహము కలుగవచ్చును. తిరునాళ్లలో నిలువుగా తిరుగు రంగులరాట్నమును తలచుకొన్నచో ఈ సందేహము తీరును. రాట్నమున ఒకవైపు ఎక్కువారి బరువు, రెండవవైపు దిగువారి బరువు సరిసమానముగా నున్నపుడు, దానిని త్రిప్పుటకు గొప్ప బలము అక్కరలేదు. అటులనే ఈ గొట్టములలో ఒకవైపు ఎక్కు నీటిని రెండవవైపు దిగు నీరు సరితూచును. పంపు నీటి బరువును ఎత్తనక్కరలేదు; గొట్టములలోని ఘర్షణను జయించిన చాలును. కాని రాట్నమునకు ఒక్క కడ్డీ అడ్డుపడినను అది మొత్తముగా నిలిచిపోవును. నీటి సంగతియు అంతియే.

కావున ఇల్లు వెచ్చబడుటకు నాలుగు విషయములు సక్రమముగా నుండవలెను. నిప్పు మండవలెను. గొట్టములలో నీరు నిండుగా నుండవలెను. పంపు తిరుగవలెను. నీరు పోవు దారి తెరచియుండవలెను. ఈ నాలుగింటిలో ఏది లోపించినను గది చల్లగానే ఉండును. గదిలోనున్నవారికి తెలియునది చలి ఒక్కటే. దాని వెనుక దాగిన కారణములు మాత్రము అనేకములు.

ఉత్తర ఇంగ్లండులోని ఒక రెండంతస్తుల ఇంటిని ఉదాహరణముగా గైకొనవచ్చును. అందు ఒక వృద్ధురాలును, పదునాలుగేండ్ల ఆమె మనుమరాలును నివసించుచున్నారని ఊహింపవచ్చును. స్నానమునకు నీరు కాచుటకు వేరొక విద్యుత్పరికరము ఉండుటచే, వేసవి అంతయు వారి బాయిలరు పనిలేక యుండెను. నవంబరులో ఒకనాటి ఉదయము మంచు కురిసెను. వృద్ధురాలు బాయిలరు మీటను నొక్కెను. గంట గడచినను గదులు వెచ్చబడలేదు. గోడమీది ఉష్ణమాపకము 13 డిగ్రీలను చూపుచుండెను. వృద్ధురాలి చేతివ్రేళ్లు కొంకర్లు పోవుచుండెను. మనుమరాలు ఆమెకు దుప్పటి కప్పి, చిన్న విద్యుత్ హీటరును ఆ గదిలో నుంచి, తలుపు మూసెను. పిమ్మట ఒక కాగితమును, పెన్సిలును తీసికొని ఇల్లంతయు తిరిగి చూచుటకు బయలుదేరెను.

మొదట ఆమె నిప్పును గురించి విచారించెను. గదిలోని ఉష్ణోగ్రతను నియమించు థర్మోస్టాటు 20 డిగ్రీలవద్ద నిలిపియుండెను. గడియారపు అమరిక సరిగానే ఉండెను. బాయిలరులో మంట వెలుగుచుండెను. కాని రెండు నిమిషములలో ఆరిపోయి, కొంతసేపటికి మరల వెలిగి, మరల ఆరిపోవుచుండెను. ఆమె దీనిని కాగితముపై వ్రాసికొనెను. ఇది చిన్న విషయమువలె కనబడును గాని, మొదటి ఆధారము ఇదియే. మంట పుట్టుచున్నది; అయినను దాని వేడిని మోసికొనిపోవువారు లేరు. బాయిలరులోని కొద్దిపాటి నీరు వెంటనే మితిమీరి కాగుటచే, అపాయము కలుగకుండ యంత్రము తన్నుతాను ఆపుకొనుచున్నది.

కొన్ని ఇండ్లలో మంటయే వెలుగదు. అప్పుడు వెదకవలసిన చోటు వేరు. నూతన బాయిలర్లు పొగలోని నీటియావిరిని చల్లార్చి, అందలి వేడిని కూడ గ్రహించును. అట్లు ఏర్పడిన నీరు ఒక సన్నని గొట్టము ద్వారా వెలుపలికి పోవును. తీవ్రమైన చలిలో ఆ గొట్టమునందలి నీరు గడ్డకట్టినచో బాయిలరు నిలిచిపోవును. 2010 డిసెంబరు, బ్రిటనులో 1910 నుండి ఉన్న లెక్కలలో అన్నిటికంటె చల్లనైన డిసెంబరు. అప్పుడు ఎన్నో ఇండ్లలో ఇట్లే జరిగినది. గొట్టముపై గోరువెచ్చని నీటిని పోసినచో మంచుగడ్డ కరగి బాయిలరు మరల మండును; సలసల కాగు నీరు పోయరాదు. ఆ బాలిక ఇంట మంట వెలుగుచునే ఉండుటచే ఈ కారణమును విడిచిపెట్టవచ్చును.

రెండవది నీరు. బాయిలరు ముఖమున పీడనమును తెలుపు గుండ్రని మాపకము ఉండును. నీరు చల్లగా నున్నపుడు అది సాధారణముగా ఒకటి మొదలు ఒకటిన్నర బార్ల వరకు చూపవలెను. ఒక బారు పీడనము సుమారు పది మీటర్ల ఎత్తు నీటికంబమును నిలుపగలదు. కాబట్టి రెండంతస్తుల ఇంటికి అది చాలును. ముల్లు సున్నవద్ద నున్నచో ఎక్కడనో నీరు కారిపోయినదని గ్రహింపవలెను. ఆ యింటి మాపకము ఒకటికి కొంచెము పైగా చూపుచుండెను. నీటికి లోపము లేదు.

పిమ్మట ఆమె రేడియేటర్లను ఒక్కొక్కటిగా చేతితో తాకి చూచెను. బాయిలరునుండి వెలువడు గొట్టము చేయి పెట్టలేనంత వేడిగా నుండెను. క్రింది అంతస్తులోని రేడియేటర్లన్నియు రాతివలె చల్లగా నుండెను. పై అంతస్తులోని రెండు మాత్రము కొంచెము గోరువెచ్చగా నుండెను. ఇది ఆమెకు వింతగా తోచెను. నిప్పునకు దగ్గరగా నున్నవి చల్లగా నుండి, దూరముగా నున్నవి వెచ్చబడుటకు కారణమేమి? ఆమె దీనిని కూడ వ్రాసికొనెను.

ఈ ప్రశ్నకు సమాధానము ఎసటిలోనే కలదు. పంపు పనిచేయనపుడు కూడ కాగిన నీరు తేలికయై తనంతట తాను పైకి లేచును. అందువలన పై అంతస్తునకు కొద్ది వేడి చేరును. అదే అంతస్తులో అడ్డముగా పోవుటకు మాత్రము ఆ బలము చాలదు. నీటిదారి మొత్తముగా మూసికొనిపోయినచో పై రేడియేటర్లు కూడ చల్లగానే ఉండెడివి. కాబట్టి దారి తెరచియే ఉన్నది. పై అంతస్తు వెచ్చబడి క్రింది అంతస్తు చల్లబడినచో పంపును అనుమానింపవలెనని పనివారు చెప్పుదురు. దీనికి విరుద్ధముగా, క్రింది గదులు వెచ్చబడి పై గదులు మాత్రమే చల్లగా నున్నచో, నీరు తగ్గినదనియో, పైభాగమున గాలి చేరినదనియో అనుమానింపవలెను.

గాలి సంగతి కూడ తేల్చుకొనవలసియుండెను. గొట్టములలో చిక్కిన గాలి ఎల్లప్పుడును అన్నిటికంటె ఎత్తైన చోటికి చేరును. రేడియేటరులో గాలి నిండినచో దాని అడుగుభాగము వెచ్చగాను, పైభాగము చల్లగాను ఉండును. దానిని వదలించుటకు పైమూలను చిన్న మర యొకటి ఉండును. వృద్ధురాలు మీట నొక్కి బాయిలరును ఆపెను. కొంతసేపు ఆగి, పైగదిలోని రేడియేటరు క్రింద గిన్నెను, మరచుట్టు గుడ్డను ఉంచి, చిన్న తాళపుచెవివంటి పనిముట్టుతో ఆ మరను అర చుట్టు త్రిప్పెను. గాలి ఉన్నచో బుస్సుమని శబ్దము చేయుచు వెలువడి, పిదప నీరు వచ్చెడిది. కాని ఇచ్చట వెంటనే నీరు వచ్చెను. ఆమె మరను బిగించెను. గాలి లేదని తేలినది. అయితే గిన్నెలో పడిన నీరు సిరావలె నల్లగా నుండెను. బాలిక ఆ విషయమును కూడ కాగితముపై చేర్చెను.

ఇక మిగిలినది పంపు. అది బాయిలరు ప్రక్కనున్న బీరువాలో ఉండెను. బాయిలరును మరల నడపి, బాలిక పంపు దగ్గర చెవి యొగ్గి వినెను. సన్నని మూలుగు వినబడుచుండెను గాని, నీరు పారు చప్పుడు లేదు. విద్యుత్తు పంపును చేరుచున్నది. అయినను అది తిరుగుటలేదు. ఆమె అంతటితో ఆగెను. విద్యుత్తుతో నడచు యంత్రమును విప్పుట తెలియనివారి పని కాదు. గ్యాసు భాగముల విషయమున చట్టమే అడ్డుపడును. బ్రిటనులో 2009 ఏప్రిలు నుండి గ్యాస్ సేఫ్ రిజిస్టర్ అను పట్టికలో పేరు నమోదైన పనివారే ఆ పనిని వృత్తిగా చేయవలెను. గ్యాసు సరిగా మండనిచో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. ఇంటివారు నిద్రలోనే ప్రాణములు కోల్పోవచ్చును. ఎంతవరకు తాకవచ్చునో, ఎక్కడ ఆగవలెనో తెలిసికొనుట కూడ ఈ విద్యలో భాగమే.

వృద్ధురాలు బాయిలరును ఆపి, పనివానికి కబురు పంపెను. సాయంకాలమునకు అతడు వచ్చెను. బాలిక కాగితమును అతని చేతికిచ్చెను. అతడు దానిని నిలువుకాళ్లమీదనే చదివి, ఏ గదిలోనికిని పోక, తిన్నగా పంపువద్దకు నడచెను. విద్యుత్తును ఆపి, పంపు ముఖముననున్న పెద్ద మరను విప్పెను. కొన్ని నీటిబొట్లు కారినవి. లోపల ఇరుసు చివర ఒక సన్నని గాడి కనబడెను. అతడు స్క్రూడ్రైవరును అందులో నుంచి త్రిప్పబోగా మొదట అది కదలలేదు. మెల్లగా ఇటు అటు కదల్చగా, పట్టు వదలి సులువుగా తిరుగసాగెను. మరను బిగించి విద్యుత్తును ఇచ్చినంతనే పంపు గుయ్యిమని పాడెను. గొట్టములలో నీరు పారు చప్పుడు వినబడెను. అరగంటలో క్రింది గదులు వెచ్చబడుట మొదలిడినవి.

అయినను అతని పని ముగియలేదు. పంపు పట్టుకొనిపోవుటకు కారణమేమి? దానికి సాక్ష్యము గిన్నెలోని నల్లని నీరు. లోపలి నీటిలో కరగియున్న ఆమ్లజని త్వరలోనే ఖర్చైపోవును. పిమ్మట కూడ ఉక్కు రేడియేటర్లు లోలోపల మెల్లగా తినివేయబడుచునే ఉండును. అట్లు ఏర్పడునది ఎర్రని తుప్పు కాదు. మాగ్నెటైటు అను నల్లని పొడి. ఆ మార్పులో హైడ్రోజను వాయువు కూడ పుట్టును. అందుచేతనే కొన్ని ఇండ్లలో ఎన్నిమారులు గాలి వదలించినను మరల మరల రేడియేటర్లలో వాయువు చేరుచుండును. అట్టివారు అది ఎక్కడనుండి వచ్చుచున్నదని విచారింపవలెను. హైడ్రోజను మండు వాయువు గనుక, దానిని వదలునపుడు దీపమును గాని, అగ్గిపుల్లను గాని దగ్గరకు తేరాదు.

మాగ్నెటైటు నీటికంటె బరువైనది. కాబట్టి నీరు నిలిచియున్నపుడు అది అడుగునకు దిగి బురదవలె పేరుకొనును. వేసవి అంతయు కదలక యుండిన పంపు ఇరుసును పట్టివేసినది ఆ బురదయే. కూర్చుండు గదిలోని రేడియేటరు పైభాగము కాగి, అడుగుభాగము నడుమ చల్లగా నుండుటకును అదియే కారణము. పనివాడు మరునాడు వచ్చి, ఆ నీటిని తీసివేసి, గొట్టములను కడిగి, క్రొత్త నీటిలో తుప్పును అరికట్టు ద్రవమును కలిపెను. తిరిగివచ్చు గొట్టమున అయస్కాంతముగల వడపోత పరికరమును అమర్చెను. మాగ్నెటైటు అయస్కాంతమునకు అంటుకొను స్వభావము కలది గనుక, ఇకముందు ఆ పొడి అందులో చిక్కుకొనును.

చివరకు ఒక్క పడకగది మాత్రము ఇంకను చల్లగా నుండెను. అది బాయిలరునకు అన్నిటికంటె దూరముగా నున్నది. కాలువ మొదటనున్న రైతులు తమ తూములను పూర్తిగా తెరచుకొన్నచో చివరి పొలములకు నీరందదు. ఇక్కడను అదే జరిగినది. దగ్గరి రేడియేటర్ల దారి సులువుగా నుండుటచే నీటిలో ఎక్కువ భాగము వాటిగుండానే తిరిగి వచ్చుచుండెను. పనివాడు వాటి అడుగుననున్న కవాటములను కొంచెము కొంచెముగా బిగించెను. చివరి గదికి దాని వంతు నీరు చేరెను. క్రొత్త యంత్రము నొక్కటైనను కొనకయే ఆ గది వెచ్చబడెను.

ఆ రాత్రి గోడమీది ఉష్ణమాపకము 20 డిగ్రీలను చూపెను. వృద్ధురాలు దుప్పటి తీసి ప్రక్కన నుంచెను. పనివాడు పోవునపుడు, వేసవిలో కూడ వారమునకొకమారు పంపును కొద్ది నిమిషములు నడపుచుండవలెనని చెప్పిపోయెను. బాలిక ఆ మాటను కూడ తన కాగితమున చివరి పంక్తిగా వ్రాసి, దానిని బాయిలరు ప్రక్కన గోడకు అంటించెను.